చలిలో సైకిల్ ఎక్కేవారి బూటు లోపలి అట్ట

డిసెంబరు, జనవరి నెలల్లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుండి మా ఓపీకి ఒకే బాధతో కొందరు వస్తుంటారు. పాల క్యాన్లు కట్టుకొనేవారు, పేపర్లు వేసే పిల్లలు, బొగ్గు గనుల్లో మొదటి షిఫ్టుకు పోయేవారు. "సిస్టరమ్మా, కాళ్లు కొయ్యబారిపోతున్నయి" అంటారు. ఇలా వచ్చినవారిలో షుగరు ఉన్న ఒక పెద్దాయన, సైకిల్ దిగగానే పాదాలు చలిమంటకు ఆనించారు. కాలుతున్న సంగతి ఆయనకు తెలియలేదు. ఆ బొబ్బ పుండై మానడానికి మూడు నెలలు మేము కట్లు కట్టాము. అందుకే ఈ నాలుగు మాటలు.

నడిచేటప్పుడు పాదమంతా వంగి లేస్తుంది, రక్తం బాగా ఆడుతుంది. సైకిల్ మీద పిక్కలు, తొడలే పనిచేస్తాయి. పాదం కదలక అలాగే ఉంటుంది. ఎదురుగాలి ఒకవైపు, కింద చల్లని ఇనుప పెడల్ ఇంకోవైపు. పలుచని సోల్ అయితే పాదం వేడి పెడల్‌లోకి దిగిపోతుంది.

ఆ వేడిని ఆపేది అట్టలో నిలిచిన గాలి. కొనేముందు బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. మళ్లీ పైకి లేవాలి. చవక స్పాంజి అట్ట కొద్దిరోజులకే అప్పడంలా అణిగిపోతుంది, ఇక అందులో గాలి ఎక్కడిది? మెరిసే రేకు అంటించినవి చూసి మోసపోవద్దు, రేకు కింద మెత్త ఎంత ఉందో చూడండి.

మన గొంగడి ఉన్ని దీనికి చక్కగా సరిపోతుంది. కొంచెం తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. పాత గొంగడి ముక్కను పాదం కొలతకు కత్తిరించి, అంచు కుట్టించి వేసుకోవచ్చు. (మా అమ్మ మా నాన్నగారికి అలాగే చేసేది.) కాగితం మడిచి పెట్టడం ఒక్కపూటకు సరే, చెమటకు ముద్దవుతుంది.

అందరూ చేసే తప్పు ఒకటుంది. పాత అట్ట తీయకుండా దానిమీదే కొత్తది వేసి, రెండు జతల సాక్సులు తొడుగుతారు. బూటు బిగుసుకుంటుంది, రక్తం తగ్గుతుంది, పాదం ఇంకా చల్లబడుతుంది. లోపల వేళ్లు ఆడాలి. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కనుక ఆ వేళలో, తొడిగే సాక్సులతోనే కొలత చూసుకోండి. ఇంటికి రాగానే అట్ట తీసి ఆరబెట్టండి. రెండు జతలుంటే మరీ మంచిది.

షుగరు వల్లనో, కుష్ఠు వల్లనో స్పర్శ పోయినవారి సంగతి వేరు. వారికి గొంగడి గరుకు, కాగితం మడత రెండూ పనికిరావు. డాక్టర్ పాల్ బ్రాండ్ వెల్లూరులో కుష్ఠు రోగుల పాదాలపై పనిచేసిన కాలం నుండి వాడుకలో ఉన్న ఎం.సి.ఆర్. రబ్బరు అట్టే వారికి తగినది. దాని మెత్తదనం షోర్ కొలతలో 15 వరకు ఉంటుంది. మందంగా ఉంటుంది కనుక లోతైన బూటు కావాలి. తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి రాయి, మేకు ఉన్నాయేమో తడమాలి. వేడిచేసే అట్టలు, వేడినీళ్ల సీసాలు వద్దే వద్దు. 44 డిగ్రీల వేడి కూడా గంటల తరబడి తగిలితే చర్మం కాలుతుంది, స్పర్శ లేని పాదం చెప్పదు.

అట్ట మార్చాక కూడా ఒక్క కాలే చల్లగా ఉండి, నడిస్తే పిక్క పట్టేస్తుంటే, ముఖ్యంగా బీడీ తాగేవారు, బూట్ల దుకాణానికి కాదు, మా దగ్గరకు రండి. వేలు నల్లబడితే ఆ రోజే రండి.