బోర్డు దాకా పది అడుగులు: మన పిల్లలకు లెక్కల భయం ఎలా పోగొట్టాలి?

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో ఒకరోజు టీచర్ ఒక కుర్రాడిని పిలిచి బోర్డు మీద లెక్క చేయమన్నారు. అతను లేవగానే క్లాసంతా గగ్గోలు. సవర్ణ పిల్లలు తమ టిఫిన్ డబ్బాలు బోర్డు వెనక పెట్టుకునేవారు. అతను దగ్గరికొస్తే అవి మైలపడతాయని పరుగెత్తుకెళ్లి లాగేసుకున్నారు. ఆ కుర్రాడు భీమ్‌రావ్ అంబేద్కర్. ఈ సంఘటనను ఆయన జీవిత చరిత్రలో ధనంజయ్ కీర్ రాశారు. అదే కుర్రాడు పెద్దయ్యాక రూపాయి సమస్య మీద పరిశోధన చేసి లండన్‌లో డీఎస్సీ పట్టా తీసుకున్నారు. 1923లో అది పుస్తకంగా వచ్చింది.

ఈ కథను మనం సభల్లో బాబాసాహెబ్ గొప్పతనం చెప్పడానికి వాడతాం. బెంచీ నుంచి బోర్డు దాకా ఆయన నడిచిన ఆ పది అడుగుల గురించి మాత్రం పెద్దగా మాట్లాడం. ఇవాళ ఆరేడేళ్ల మన పిల్లలు ఆ అడుగులు వేయగలుగుతున్నారా?

కొట్టు దగ్గర ఒక లెక్క, బడిలో ఒక లెక్క

గుంటూరు జిల్లాలోని ఒక దళితవాడలో సాయంత్రం పూట పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తున్నాం. వాళ్లలో రెండో తరగతి పాప ఒకతె ఉంది. అమ్మ యాభై రూపాయల నోటు ఇస్తే కొట్టుకెళ్లి ముప్పై రెండు రూపాయల సరుకులు తెస్తుంది. చిల్లర పద్దెనిమిది రూపాయలూ లెక్కపెట్టి తెస్తుంది. రెండు రూపాయలు తగ్గితే అక్కడే నిలబడి అడుగుతుంది. అదే పాపకు పలక మీద 50 లోంచి 32 తీసేయమంటే 22 అని రాసింది. ఐదులోంచి మూడు పోతే రెండు. సున్నాకీ రెండుకీ తేడా రెండు. అందుకని 22.

కొట్టు దగ్గర ఎలా చేశావమ్మా అని అడిగాం. "ముప్పై రెండుకి ఎనిమిది వేస్తే నలభై. ఇంకో పది వేస్తే యాభై" అంది. మరి పలక మీద అలా ఎందుకు చేయలేదంటే, "ఇది లెక్క కదక్కా. నాకు లెక్కలు రావు" అంది. ఎవరు చెప్పారంటే మాట్లాడలేదు.

ఆ పాపకు తీసివేత వచ్చు. తనకు వచ్చినదాన్ని కూడా లెక్క అంటారని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇది ఒక్క పాప సంగతి కాదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద చేసిన పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బేరంలో చిక్కు లెక్కలు నోటితో తేల్చేసే పిల్లలు అదే స్థాయి లెక్కలను బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడిలో లెక్కలు బాగా చేసే పిల్లలేమో మార్కెట్ లెక్క దగ్గర తడబడ్డారు. రెండింటికీ మధ్య వంతెన వేయాల్సింది బడి. ఆ పని జరగడం లేదు.

ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. వెనకబడింది మన వాడ పిల్లలు మాత్రమే కాదు. 2024 అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెటూళ్లలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతమే. అంటే ముగ్గురిలో ఇద్దరికి రాదు. కానీ ఎవరికో రానప్పుడు "సరిగా చెప్పలేదు" అంటారు. మన పిల్లలకు రానప్పుడు "వీళ్లకింతే" అంటారు.

కులం పేరు వినబడితే

కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చారు. ఎవరిది ఏ కులమో చెప్పనప్పుడు దళిత పిల్లలూ పైకులాల పిల్లలూ దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పేరుతోపాటు కులం చదివి మొదలుపెట్టినప్పుడు దళిత పిల్లలు పూర్తిచేసిన పజిళ్లు బాగా తగ్గిపోయాయి. అవే పజిళ్లు, అలాంటి పిల్లలే. ఈ పరిశోధన 2006లో అచ్చయింది.

రెమా హానా, లీ లిండెన్ 2012లో అచ్చువేసిన ఇంకో ప్రయోగం ఉంది. జవాబు పత్రాల పైన కులం వివరాన్ని లాటరీ పద్ధతిలో మార్చి రాసి, టీచర్లతో దిద్దించారు. కింది కులం అని రాసి ఉన్న పత్రాలకు మార్కులు కొద్దిగా తగ్గాయి. మనల్ని ఆలోచింపజేయాల్సిన సంగతి ఇంకొకటుంది. అలా తగ్గించినవారిలో ఎక్కువగా కనిపించింది కింది కులాల నుంచి వచ్చిన టీచర్లే. మన పిల్లల గురించి తక్కువ అంచనా మనలోకీ దిగిపోయింది. చదువు చెప్పడానికి వాడలోకి వెళ్లే మనం ముందు మన నోటినే గమనించుకోవాలి. "పాపం, వీళ్లకు ఇంతకన్నా ఏం వస్తుందిలే" అనే జాలి కూడా పిల్లలకు వినబడుతుంది.

మేము ఏం చేస్తున్నాం?

పెద్ద ఖర్చేం లేదు. చింతపిక్కలు, చీపురు పుల్లలు, దారం, సుద్దముక్క చాలు. రోజూ అరగంట. పిల్లలను తరగతిని బట్టి కాకుండా, వచ్చినదాన్ని బట్టి కూర్చోబెడతాం. 1 నుంచి 9 అంకెలు గుర్తుపట్టేవాళ్లు, 99 దాకా చదవగలిగేవాళ్లు, తీసివేత దగ్గర ఆగినవాళ్లు. నాలుగో తరగతి పిల్లాడు మొదటి గుంపులో ఉన్నా ఫర్వాలేదు. నెల తిరక్కుండానే రెండో గుంపులోకి మారొచ్చని అతనికి ముందే చెబుతాం.

*పదుల కట్టలు.* పది పుల్లలు లెక్కపెట్టి దారంతో కట్ట కట్టమంటాం. కట్టడం పిల్లలే చేయాలి. ఇప్పుడు 50 అంటే ఐదు కట్టలు. అందులోంచి 32 తీయాలంటే మూడు కట్టలు ఇచ్చేయొచ్చు, కానీ విడిగా రెండు పుల్లలు లేవే? ఒక కట్ట విప్పాలి. నాలుగు కట్టలు, పది విడి పుల్లలు. మూడు కట్టలూ రెండు పుల్లలూ తీసేస్తే మిగిలింది ఒక కట్ట, ఎనిమిది పుల్లలు. దీన్నే బడిలో "పక్కనుంచి అప్పు తెచ్చుకోవడం" అంటారు. మేము "కట్ట విప్పడం" అంటున్నాం. అప్పంటే తిరిగి కట్టాలని మన ఇళ్లలో పిల్లలకు బాగా తెలుసు. లెక్కలో తెచ్చిన అప్పు ఎప్పుడు తీరుస్తామో తెలియక తికమక పడతారు. కట్ట విప్పితే అక్కడ ఏం జరిగిందో కంటికి కనబడుతుంది.

*అంకెల పేర్లు.* తెలుగులో పదమూడు అంటే పది, మూడు. ఇరవై మూడు అంటే ఇరవై, మూడు. పది ముందు వస్తుంది, రాసేటప్పుడూ ముందే ఉంటుంది. ఇంగ్లీషులో థర్టీన్ అన్నప్పుడు మూడు ముందు వినబడుతుంది. అందుకే కొందరు 31 అని రాస్తారు. థర్టీన్, థర్టీ రెండూ చెవికి ఒకేలా ఉంటాయి. ఇంగ్లీషు మీడియం మన పిల్లలకు కావాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఒకటో తరగతిలో లెక్క అర్థం కావడానికి ఇంటి భాష వాడితే తప్పులేదు. కట్టలు చూపించి తెలుగులో చెప్పించి, తర్వాత ఇంగ్లీషు పేరు జోడిస్తున్నాం.

*గళ్ల ఆట.* వాడలోని సిమెంటు రోడ్డు మీద ఒకే వరుసలో పది గళ్లు గీసి 1 నుంచి 10 అంకెలు వేస్తాం. గవ్వ వేసి, వచ్చినన్ని గళ్లు అంకె పలుకుతూ దూకాలి. అమెరికాలో సీగ్లర్, రమణి 2008లో పేద కుటుంబాల చిన్నపిల్లలతో ఇలాంటి వరుస గళ్ల ఆటే ఆడించారు. మొత్తం గంటసేపు ఆటతోనే ఏది పెద్ద అంకె, ఏది చిన్నది అన్న అవగాహన మెరుగైంది. మన అష్టాచెమ్మా, వామనగుంటలూ ఇదే పని చేస్తాయి. ఆటలో తప్పు చేస్తే ఎవరూ కొట్టరు. మళ్లీ వంతు వస్తుంది.

*ఎక్కాలు.* ఎక్కాలు రావాలి. కానీ బట్టీ పట్టించే ముందు అర్థం చూపించాలి. మధ్యాహ్న భోజనానికి వచ్చే గుడ్ల అట్ట తెచ్చి పెట్టండి. అటు ఆరు, ఇటు ఐదు. ఆరైదులు ముప్పై, ఐదార్లు ముప్పై. అట్టను తిప్పితే చాలు.

*తప్పును చదవడం.* 22 అని రాసిన పాపను "తప్పు" అని కొట్టిపారేయొచ్చు. "ఎలా చేశావో చెప్పు" అని అడగొచ్చు కూడా. అడిగితే ఆమె ఆలోచన బయటికొస్తుంది. జవాబు ఒప్పయినా అదే అడగాలి. లేకపోతే ఎలా చేశావు అంటే తప్పు చేశావని అర్థం అనుకుంటారు. అడిగాక కాసేపు ఆగాలి. తొందరగా చెప్పినవాడే తెలివైనవాడు అనే పద్ధతి మొదట నోరు మూయించేది వెనక వరుసనే.

ఒక హెచ్చరిక

పిల్లల జీవితంలోంచి లెక్కలు ఇవ్వాలని మేమూ చెబుతున్నాం. కానీ అందరు పిల్లలూ ఉన్న తరగతిలో "మీ నాన్న చెప్పులు కుడతాడు కదా, పది జతలైతే ఎంత?" అని ఒకరిని లేపి అడగడం లెక్క నేర్పడం కాదు. అది అందరి ముందూ కులం చదవడమే. పైన చెప్పిన పజిళ్ల ప్రయోగంలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. బడిలో కొట్టు, బస్సు టికెట్టు, గుడ్ల అట్ట లాంటి అందరివీ అయిన ఉదాహరణలు వాడాలి. ఇంటి పని గురించి పిల్లలు తమంతట తాము చెబితే గౌరవంగా వినాలి.

ఇంట్లో ఉన్న లెక్కలు

తల్లిదండ్రులు మాతో మొదట అనే మాట "మాకు చదువు రాదు, మేమేం చెబుతాం?" అని. మా సెంటర్‌కి ఒక సాయంత్రం ఒక నాయనమ్మను పిలిచాం. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అని ఆమె చెబుతుంటే పిల్లలు నోళ్లు తెరిచి విన్నారు. కుంచానికి ఎన్ని సోలలని ఒకడు అడిగాడు. పదహారని ఆమె వెంటనే చెప్పింది. కూలి గింజలు కొలిచేటప్పుడు కుంచం ఎవరి చేతిలో ఉండేదో కూడా చెప్పింది.

ఆ మాట దగ్గరే అసలు విషయం ఉంది. కొలత వాళ్ల చేతిలో ఉన్నన్నాళ్లూ మన కష్టానికి లెక్క వాళ్లే చెప్పారు. ఇప్పుడు కుంచం పోయింది. ఉపాధి పనిలో మట్టి కొలతలు, మస్టర్‌లో పని దినాలు, మిరప కోతల కిలోలు వచ్చాయి. నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెస్తే నెలకు మూడు వందలు, ఏడాదికి మూడు వేల ఆరు వందలు. ఈ లెక్క సంతకం పెట్టే ముందే వేయగలిగినవాళ్లు ప్రతి ఇంట్లో ఉండాలి.

బడిని ఏం అడగాలి?

సాయంత్రం సెంటర్లు బడికి బదులు కావు. ఐదు తరగతులకూ ఒకరో ఇద్దరో టీచర్లున్న బడిలో వాళ్ల ఇబ్బంది కూడా మనకు తెలుసు. చాలామంది టీచర్లు చింతపిక్కల సంచీ చూసి సంతోషంగా తీసుకున్నారు. కానీ హక్కులు హక్కులే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. "మీకు లెక్కలు రావురా" అని రోజూ అనడం చిన్న విషయం కాదు. అదే చట్టం 21వ సెక్షన్ కింద స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. అణగారిన వర్గాల వారికి దామాషా ప్రకారం చోటు ఇవ్వాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మీ ఊరి కమిటీలో వాడ నుంచి ఎవరున్నారో చూడండి. ఉంటే, వచ్చే సమావేశంలో వాళ్లతో ఒక ప్రశ్న అడిగించండి: ఈ నెలలో మా పిల్లలు ఎవరెవరు, ఎన్నిసార్లు బోర్డు దగ్గరికి వచ్చి లెక్క చేశారు?

మా పాప ఇప్పుడు 50 లోంచి 32 తీసేస్తే 18 అని రాస్తోంది. బడిలో ఇంకా చెయ్యి ఎత్తడం లేదు. మా దగ్గర మాత్రం ఒకటో తరగతి తమ్ముడికి కట్ట ఎలా విప్పాలో తనే చూపిస్తోంది. మేము ఆ చెయ్యి కోసం చూస్తున్నాం.