చల్లదనం వెనుక చదువు: ఏసీ మెకానిక్కుకు శిక్షణ, సర్టిఫికెట్ ఎందుకు?

(వ్యాసకర్త: హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. ఫిజిక్స్)



దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే మనకు దక్కుతుంది. అటువంటి నేల మీద ఎండాకాలం ఎట్లా ఉంటుందో హాస్టల్ రేకుల కింద పడుకున్న మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఫ్రిజ్, ఏసీ అంటే డబ్బున్నవాళ్ల ఇంటి వస్తువులు. ఇప్పుడు మందుల షాపులో ఫ్రిజ్ ఉంది, పాల సెంటర్లో ఉంది, కూల్‌డ్రింకుల కొట్టులో ఉంది. బ్యాంకులో, ఏటీఎంలో ఏసీ ఉంది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లల టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య కాపాడేది కూడా ఫ్రిజ్జే.

మరి ఇవన్నీ చెడిపోతే బాగుచేసేది ఎవరు? ఎక్కువగా మనలాంటి ఇళ్ల పిల్లలే. పదో తరగతి తర్వాతనో, ఇంటర్ మధ్యలోనో చదువు ఆపి, అనంతపురంలోనో బెంగళూరులోనో ఒక షాపులో హెల్పరుగా చేరినవాళ్లే. వాళ్ల చేతిలో ఉన్న పనికి, ఆకాశంలో ఉన్న ఓజోన్ పొరకు, పెరుగుతున్న ఎండకు సంబంధం ఉందని మనలో చాలామందికి తెలియదు. ఆ సంబంధం ఏమిటో, ఈ పనికి శిక్షణ, సర్టిఫికెట్ ఎందుకు కావాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చల్లదనం ఎట్లా పుడుతుంది?

మట్టి కుండలో నీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయి? కుండ సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి ఆవిరి అవుతుంది. ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని లోపలి నీటి నుంచి తీసుకుంటుంది. అందుకే లోపలి నీరు చల్లబడుతుంది. ఫ్రిజ్‌లో జరిగేది కూడా ఇదే. తేడా ఒక్కటే. కుండలో ఆవిరైన నీరు గాలిలో కలిసిపోతుంది. ఫ్రిజ్‌లో ఆవిరైన ద్రవాన్ని మళ్లీ పట్టి ద్రవంగా మార్చి తిప్పుతారు.

ఈ తిరిగే పదార్థాన్నే రిఫ్రిజరెంట్ అంటారు. మన మెకానిక్కుల భాషలో 'గ్యాస్'. లోపలి కాయిల్‌లో అది ఆవిరవుతూ గదిలోని వేడిని లాక్కుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి, వెనుక వైపు కాయిల్‌లోకి పంపుతుంది. అక్కడ వేడిని బయటికి వదిలి అది మళ్లీ ద్రవం అవుతుంది. సన్నని క్యాపిలరీ గొట్టం గుండా వచ్చేసరికి ఒత్తిడి తగ్గి మళ్లీ ఆవిరి కావడానికి సిద్ధమవుతుంది. ఇదే చక్రం.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోవాలి. "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అని మనం తరచుగా వింటాం. పెట్రోలులాగా ఈ గ్యాస్ ఖర్చయ్యేది కాదు. అది మూసిన గొట్టాల్లో తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉందని అర్థం. లీకు మూయకుండా గ్యాస్ నింపితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. కస్టమరు డబ్బు పోతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, గ్యాస్ గాలిలో కలుస్తుంది.

గాలిలో కలిస్తే ఏమవుతుంది?

పాత ఫ్రిజ్‌లలో ఆర్-12 అనే గ్యాస్ వాడేవారు. ఇది సీఎఫ్‌సీ జాతిది. ఇటువంటి వాయువులు పైకి వెళ్లి ఓజోన్ పొరను తింటాయని 1974లో మోలినా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర పల్చబడిన సంగతి బయటపడింది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో అందులో చేరింది. సెప్టెంబరు 16ను మనం ఓజోన్ దినంగా జరుపుకోవడానికి కారణం ఇదే.

సీఎఫ్‌సీల తర్వాత ఆర్-22 వంటి హెచ్‌సీఎఫ్‌సీలు ఏసీల్లో రాజ్యమేలాయి. ఇవి ఓజోన్‌కు కొంత తక్కువ హాని చేస్తాయి. వీటి వాడకాన్ని కూడా 2030 నాటికి దాదాపు పూర్తిగా ఆపాలి. వాటి స్థానంలో ఆర్-134ఏ, ఆర్-410ఏ వంటి హెచ్‌ఎఫ్‌సీలు వచ్చాయి. ఇవి ఓజోన్‌ను ముట్టుకోవు. కానీ భూమిని విపరీతంగా వేడెక్కిస్తాయి.

ఎంత వేడెక్కిస్తాయో కొలవడానికి కార్బన్ డయాక్సైడ్‌ను 1గా తీసుకుని పోలుస్తారు. దీన్నే జీడబ్ల్యూపీ అంటారు. వందేళ్ల లెక్కన ఆర్-22కు ఇది 1810. ఆర్-410ఏకు 2088. శీతల గదుల్లో వాడే ఆర్-404ఏకు 3922. ఇప్పటి ఏసీల్లో వస్తున్న ఆర్-32కు 675. ప్రొపేన్ అనే ఆర్-290కి, ఫ్రిజ్‌లలో వాడే ఐసోబ్యూటేన్ అనే ఆర్-600ఏకు కేవలం 3 చొప్పున. పెద్ద కోల్డ్ స్టోరేజీల్లో వాడే అమ్మోనియాకు సున్నా.

ఈ అంకెలను మన లెక్కలోకి తెచ్చుకుందాం. ఒక కిలో ఆర్-22 గాలిలోకి వదిలితే 1810 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఒక లీటరు పెట్రోలు కాలిస్తే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఆ ఒక్క కిలో గ్యాస్ దాదాపు 780 లీటర్ల పెట్రోలుకు సమానం. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బైకు మీద 39 వేల కిలోమీటర్లు, అంటే ఇంచుమించు భూగోళాన్ని ఒక చుట్టు చుట్టినంత! ఒక మెకానిక్కు వాల్వు విప్పి 'బుస్సు'మని వదిలితే అయిదు నిమిషాల్లో జరిగేది ఇది. వానలు తప్పితే ముందుగా ఎండేది మన వేరుశెనగ చేను. ఎండలు ముదిరితే ముందుగా వడదెబ్బ తినేది మన కూలి తల్లిదండ్రులు. కనుక ఇది ఎక్కడో ఉన్న సమస్య కాదు.

దేశం ఒప్పుకున్న మాట

2016 అక్టోబరులో రువాండా దేశపు కిగాలి నగరంలో ప్రపంచ దేశాలు హెచ్‌ఎఫ్‌సీలను తగ్గించాలని ఒప్పుకున్నాయి. దీన్ని పూర్తిగా అమలు చేస్తే ఈ శతాబ్దం చివరికి 0.5 డిగ్రీల వరకు భూతాపాన్ని ఆపవచ్చని అంచనా. మన దేశం 2021లో దీన్ని ఆమోదించింది. దాని ప్రకారం మనం 2032లో 10 శాతం, 2037లో 20 శాతం, 2042లో 30 శాతం, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి.

ఇంతకుముందే, 2019 మార్చిలో, కేంద్ర ప్రభుత్వం ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ విడుదల చేసింది. 2022-23 నాటికి లక్ష మంది సర్వీసింగ్ టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఇవ్వాలని అందులో లక్ష్యంగా పెట్టుకున్నారు. ఢిల్లీలో రాసిన ఒప్పందం నెరవేరాలంటే గోడ మీద నిచ్చెన వేసుకుని ఔట్‌డోర్ యూనిట్ విప్పే కుర్రవాడికి పని సరిగా రావాలి. ఈ సంగతి ప్రభుత్వమే గుర్తించిందన్న మాట.

కొత్త గ్యాస్, కొత్త జాగ్రత్త

భూమికి మేలు చేసే గ్యాసులకు ఒక చిక్కుంది. ఆర్-290, ఆర్-600ఏ మండే గుణం ఉన్నవి. ఆర్-32 కూడా కొద్దిగా మండుతుంది. అమ్మోనియా మండటం తక్కువే గాని విషవాయువు. మన దేశంలో గోద్రెజ్ సంస్థ 2012లోనే ఆర్-290 ఏసీలను మార్కెట్‌లోకి తెచ్చింది. ఇళ్లలో కొత్తగా కొనే చాలా ఫ్రిజ్‌లలో ఆర్-600ఏ ఉంటుంది.

ప్రొపేన్ గాలికన్నా బరువైనది. లీకైతే నేల మీద పరుచుకుంటుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, స్విచ్ నిప్పురవ్వకు కూడా అంటుకుంటుంది. వంటగ్యాస్‌కు వాసన కలుపుతారు కనుక ముక్కుకు తెలుస్తుంది. రిఫ్రిజరెంట్ ప్రొపేన్‌కు ఆ వాసన ఉండదు. కాబట్టి పాత పద్ధతిలో కిటికీలు మూసి, బీడీ వెలిగించుకుని పనిచేస్తే ప్రాణానికే ముప్పు. అట్లాగే ఆర్-22 కోసం చేసిన పాత ఏసీలో ఆర్-290 నింపరాదు. వంటగ్యాస్ అసలే నింపరాదు.

శిక్షణలో నేర్పేది ఏమిటి?

1. యూనిట్ మీద స్టిక్కరు చదవడం. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది అందులోనే ఉంటుంది.

2. పాత గ్యాస్‌ను గాలిలో వదలకుండా రికవరీ మిషనుతో సిలిండరులోకి పట్టడం.

3. లీకు పరీక్షకు నైట్రోజన్ వాడటం. ఆక్సిజన్ ఎన్నడూ వాడరాదు. కంప్రెసర్ ఆయిలుతో ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది.

4. వాక్యూమ్ పంపుతో గాలిని, తేమను పూర్తిగా లాగడం. తేమ మిగిలితే క్యాపిలరీలో గడ్డకట్టి దారి మూస్తుంది. ఆయిలుతో కలిసి ఆమ్లంగా మారి కంప్రెసర్‌ను తింటుంది.

5. చేతి అంచనాతో కాకుండా తూకం వేసి గ్యాస్ నింపడం. 300 గ్రాములు పట్టే చోట 50 గ్రాముల తేడా కూడా చాలా పెద్దది.

6. కరెంటు తీసి, కెపాసిటర్ డిశ్చార్జి చేసిన తర్వాతనే చేయి పెట్టడం. ఎత్తున పనిచేసేటప్పుడు బెల్టు కట్టుకోవడం.

సర్టిఫికెట్ ఎందుకు?

మా చిన్నాయన కొడుకు ఒకడు బెంగళూరులో ఏడేళ్లుగా ఏసీ పని చేస్తున్నాడు. కంప్రెసర్ శబ్దం విని జబ్బు చెప్పగలడు. అయినా ఒక కంపెనీ సర్వీస్ సెంటరులో ఉద్యోగానికి వెళితే "నీ దగ్గర కాగితం ఏముంది?" అని అడిగి పంపించేశారు. పని వచ్చినా హెల్పరు జీతమే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. నాకున్న కాగితం విలువ నాకు వాడిని చూశాకనే తెలిసింది. పని ఎంత వచ్చినా, వచ్చని చెప్పే కాగితం లేకపోతే మనలాంటివాళ్లను ఎవరూ నమ్మరు. పెద్దవాళ్ల సిఫారసు మనకు లేదు. మన సిఫారసు మన సర్టిఫికెట్టే.

ఇటువంటివాళ్ల కోసం ఒక దారి ఉంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015లో మొదలైంది. అందులో 'పూర్వ అనుభవ గుర్తింపు' అనే విభాగం ఉంది. దీన్ని ఆర్‌పీఎల్ అంటారు. ఇప్పటికే పని వచ్చినవాళ్లకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇస్తారు. ఈ రంగానికి ఎలక్ట్రానిక్స్ సెక్టార్ స్కిల్స్ కౌన్సిల్ 'ఫీల్డ్ టెక్నీషియన్ - ఎయిర్ కండిషనర్' అనే కోర్సును తయారుచేసింది. హెచ్‌సీఎఫ్‌సీల నిర్మూలన పథకం కింద కేంద్ర పర్యావరణ శాఖతో కలిసి జర్మనీ సంస్థ జీఐజడ్ కూడా మెకానిక్కులకు శిక్షణలు నడిపింది.

పదో తరగతి పాసైనవాళ్లకు ఐటీఐలో రిఫ్రిజరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ ట్రేడు రెండేళ్ల కోర్సు. ఏ ఐటీఐలో ఈ ట్రేడు ఉందో అడ్మిషన్ల సమయంలో కనుక్కోవాలి. చెల్లెళ్లు కూడా దీన్ని మగవాళ్ల పని అనుకోవద్దు. గేజి చదవడానికి, తూకం వేయడానికి, బ్రేజింగ్ చేయడానికి కావలసింది చేతి నేర్పు, ఓపిక.

అమెరికాలో 1994 నుంచి రిఫ్రిజరెంట్ పట్టుకునే టెక్నీషియన్‌కు సర్టిఫికెట్ తప్పనిసరి. యూరప్‌లో కూడా హెచ్‌ఎఫ్‌సీల పనికి సర్టిఫికెట్ ఉండాలి. మన సీమ నుంచి కువైట్ వెళ్లేవాళ్లు ఎందరో ఉన్నారు. చేతిలో గుర్తింపు ఉన్న పనితో విమానం ఎక్కడానికి, వట్టి చేతులతో ఎక్కడానికి ఎంత తేడా ఉందో వాళ్ల ఇళ్లకు తెలుసు.

మన చుట్టూ పని

2020 జనవరిలో తాడిపత్రి రైల్వేస్టేషను నుంచి ముంబై జేఎన్‌పీటీ రేవుకు 43 శీతల కంటైనర్లలో 980 టన్నుల అరటి ఎగుమతికి బయల్దేరింది. కరువు జిల్లా అరటి విదేశాలకు వెళ్లిందంటే దాని వెనుక రైతు చెమటతోపాటు చల్లదనం కూడా ఉంది. దారిలో ఒక్క కంటైనరు ఆగిపోతే ఒక రైతు ఏడాది కష్టం కుళ్లిపోతుంది. ఇక తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ సంస్థలు 2023లో ఏసీ ఫ్యాక్టరీలు ప్రారంభించాయి. ఎల్‌జీ ఫ్యాక్టరీకి 2025లో శంకుస్థాపన జరిగింది. తయారైన ప్రతి ఏసీకి పదేళ్ల పాటు సర్వీసు చేసే చేతులు కావాలి.

కనుక తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! అందరమూ ఇంజనీర్లమే కానక్కరలేదు. ఫిజిక్సులో గుప్తోష్ణం పాఠం వస్తే మార్కుల కోసం బట్టీపట్టకండి, అది ఒక బతుకుతెరువు అని గుర్తుంచుకోండి. మీ ఊళ్లో ఏసీ పని చేసే అన్న ఉంటే ఈ పత్రికను ఆయనకు చదివి వినిపించండి. ఆర్‌పీఎల్ గురించి చెప్పండి, దరఖాస్తు మీరే నింపి పెట్టండి. చదువుకున్నందుకు మనం ఊరికి చేయగలిగిన మొదటి సాయం అదే.