క్యాంపు ఫోనుకూ కాపలా కావాలి

అర్ధరాత్రి దాటాక క్యాంపు ఆఫీసులో ఫోను మోగుతుంది. ఊరి నుంచి ఏ కబురో అని పరుగున వెళ్లి ఎత్తితే అవతల మాటే ఉండదు. తెర మీద 100 అనో, 1001 అనో ఒక నంబరు కనబడుతుంది. పెట్టేస్తే కాసేపటికి మళ్లీ మోత. ఎవరో ఆకతాయి పని అనుకుని వదిలేస్తుంటాం. నిజానికి అక్కడ మనిషే ఉండడు.

ఇప్పుడు ఆఫీసు బల్లల మీద ఉండేవి చాలావరకు ఇంటర్నెట్ ఫోన్లే. వెనకాల గుచ్చేది కంప్యూటరుకు పెట్టే నెట్ కేబులే. అంటే ఆ ఫోను కూడా ఓ చిన్న కంప్యూటరే. దానికి కాల్సు సాధారణంగా 5060 నంబరు పోర్టు ద్వారా వస్తాయి. పోర్టు అంటే తలుపు అనుకోండి. దొంగల ప్రోగ్రాములు రాత్రింబగళ్లు ఇంటర్నెట్‌లో ఈ తలుపులు తడుతూ తిరుగుతాయి. ఫోను అలా ఊరికే మోగుతోందంటే, బయటివాళ్లకు మన తలుపు దాకా దారి ఉందన్నమాట.

ఆ మోతకు డబ్బు పోదు. అసలు ప్రమాదం ఆ తర్వాతే. పాస్‌వర్డు దొరికితే మన లైను మీద నుంచి ఎక్కువ రేటు పడే విదేశీ నంబర్లకు కాల్సు చేస్తారు. ఆ డబ్బులో వాళ్లకు వాటా ముడుతుంది. ఇందుకు రాత్రులు, సెలవు రోజులు చూసుకుంటారు. బిల్లు వచ్చాక మొదటి ప్రశ్న "రాత్రి ఇక్కడ ఎవరున్నారు?" అనే. అనుమానం వాచ్‌మన్ మీదో, ఆఫీసు బాయ్ మీదో పడుతుంది. ఆఫీసు గొడవ మనకెందుకు అనుకోవద్దని మేం చెప్పేది ఇందుకే.

సెట్టింగులు మార్చడం క్యాంపు ఇన్‌చార్జి, ఐటీ వాళ్ల పని. అనుమతి లేకుండా చెయ్యి పెట్టవద్దు. ఏం చేయించాలో తెలిస్తే మాత్రం గట్టిగా అడగవచ్చు.

1. ఫోను మెనూలో స్టేటస్ నొక్కితే ఐపీ అడ్రసు కనిపిస్తుంది. అదే నెట్‌వర్కులో ఉన్న కంప్యూటరులో ఆ అడ్రసు కొడితే సెట్టింగుల పేజీ వస్తుంది. పాత మోడళ్లలో చాలావాటికి పేరు, పాస్‌వర్డు రెండూ 'అడ్మిన్' అనే ఉంటాయి. వెంటనే మార్చాలి. కొత్తది కాగితం మీద రాసి ఫోనుకు అంటించవద్దు.

2. సొంత సర్వరు నుంచి వచ్చే కాల్సు మాత్రమే తీసుకొనేలా పెట్టాలి. యీలింక్ ఫోన్లలో దీని పేరు 'యాక్సెప్ట్ సిప్ ట్రస్ట్ సర్వర్ ఓన్లీ'. గ్రాండ్‌స్ట్రీమ్‌లో 'యాక్సెప్ట్ ఇన్‌కమింగ్ సిప్ ఫ్రమ్ ప్రాక్సీ ఓన్లీ'. డైరెక్ట్ ఐపీ కాల్ కూడా ఆపేయాలి. దీంతో దొంగ మోతలు ఆగుతాయి.

3. రౌటరులోని ఫైర్‌వాల్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. ఫోను కోసం పోర్టు ఫార్వర్డింగు, డీఎంజెడ్ పెట్టి ఉంటే అడిగి తీయించండి. మామూలుగా ఫోనే సర్వరును పలకరిస్తుంటుంది, జవాబు ఆ దారినే వస్తుంది. 5060 బదులు వేరే పోర్టు పెట్టినంత మాత్రాన తాళం వేసినట్టు కాదు.

4. మాట ఒకవైపే వినబడితే కొందరు ఫైర్‌వాల్ మొత్తం తీసేస్తారు. అది తప్పు. చాలాసార్లు కారణం రౌటరులోని సిప్ ఏఎల్‌జీ. ముందు దాన్ని ఆపి చూడాలి.

5. అవసరం లేని దేశాలకు కాల్సు ఆపమని, రోజుకు ఇంతకు మించి బిల్లు కాకుండా హద్దు పెట్టమని ఫోను కంపెనీని అడగాలి. మిగతావన్నీ తప్పినా నష్టాన్ని ఆపేది ఇదొక్కటే.

యూఏఈలో ఉన్నవాళ్లకు మరో మాట. అక్కడ ఇంటర్నెట్ ఫోను సర్వీసు లైసెన్సు ఉన్న కంపెనీల నుంచే తీసుకోవాలి. చవగ్గా వస్తుందని ఎవరో తెచ్చిపెట్టే లైనుకు ఒప్పుకోవద్దు.

రాత్రి దొంగ మోత వస్తే తేదీ, సమయం, తెర మీది నంబరు డ్యూటీ రిజిస్టరులో రాయండి. మర్నాడే ఇన్‌చార్జికి చూపించండి. బిల్లు విషయంలో ఎవరైనా కాగితం మీద సంతకం అడిగితే, ముందు కంపెనీ నుంచి కాల్సు జాబితా తెప్పించమనండి. ఏ కాలు ఎప్పుడు, ఏ ఐపీ అడ్రసు నుంచి వెళ్లిందో సాధారణంగా సర్వరు రికార్డుల్లో ఉంటుంది. అవి చూడకుండా సంతకం పెట్టకండి.