సమాధిరాయిని కరిగించే రంగు

అక్టోబర్ 31న హాలోవీన్. అమెరికాలో ఆ రోజుల్లో చాలా ఇళ్ల ముందు ఉత్తుత్తి సమాధిరాళ్లు వెలుస్తాయి. దుకాణాల్లో దొరికే వాటిలో చాలావరకు మనకు తెలిసిన థర్మాకోల్‌తో చేసినవే. పాతరాయిలా కనిపించాలని మామూలు స్ప్రే పెయింట్ కొడితే గుంటలు పడి కుంగిపోతాయి. ఎందుకు?

థర్మాకోల్‌లో దాదాపు 98 శాతం గాలే. మిగతాది పాలిస్టైరీన్. పెయింట్‌లోని అసిటోన్, టోలుయీన్ వంటి ద్రావణులు ఆ పలుచని గోడలను కరిగించగానే గాలి బయటికి పోతుంది. నీటిలో పాలిస్టైరీన్ కరగదు. అందుకే నీటితో కలిపే ఆక్రిలిక్ రంగును కుంచెతో వేయాలి. చెక్కిన గాళ్లలో నల్లరంగు పూసి, ఆరకముందే పైపైన తడిగుడ్డతో తుడిస్తే పాతరాయి సిద్ధం.

తేలికైనది కాబట్టి గాలికి ఎగరకుండా ఊచతో నేలకు బిగించాలి. థర్మాకోల్ ఇట్టే అంటుకుంటుంది. పక్కన కొవ్వొత్తి వద్దు, ఎల్‌ఈడీ దీపం చాలు.