నగర కేంద్రంలో సైకిల్ మార్గాల ప్రణాళిక: కాల్గరీ ప్రయోగం – ఒక పరిశీలన

నగర కేంద్రంలో వీధి వెడల్పు పెరగదు. అందువల్ల సైకిళ్లకు ప్రత్యేక మార్గం కల్పించడమంటే వాహనాలు నడిచే వరుస నుండో, కార్లు నిలిపే స్థలం నుండో కొంత తీసుకోవడమే. వివాదానికి మూలం ఈ పంపకమే. కెనడాలోని కాల్గరీ నగరం దీనిని ఎదుర్కొన్న తీరు పరిశీలించదగినది.

2014లో కాల్గరీ నగర మండలి 8–7 ఓట్లతో ఒక ప్రయోగాత్మక పథకాన్ని ఆమోదించింది. 2015 జూన్‌లో సుమారు 6.5 కిలోమీటర్ల మార్గాలు ఒకేసారి అందుబాటులోకి వచ్చాయి. ఒంటరిగా వేసిన మార్గం మధ్యలో తెగిపోతే సైకిలిస్టు మళ్లీ వాహనాల నడుమకే చేరతాడు. ఫలితంగా వాడకం పెరగదు. వాడకం లేదన్న కారణంతో తరువాతి మార్గానికి సమర్థన దొరకదు. పరస్పరం కలిసే మార్గాలను ఒకేసారి వేయడంలోని తర్కం ఇదే.

అయితే అన్ని వీధులకూ ఒకే పద్ధతి వర్తించదు. వాహనాల వేగం, రద్దీ ఎక్కువగా ఉన్నచోట సైకిళ్లను భౌతికమైన అడ్డుతో వేరుచేయాలి. పాదచారుల వీధిగా పేరొందిన స్టీఫెన్ అవెన్యూలో మాత్రం సైకిళ్లకు ప్రవేశం కల్పించారు. ఇటువంటి ఉమ్మడి మార్గంలో సైకిల్ వేగం నడకకు లోబడి ఉండాలి. లేనిపక్షంలో వృద్ధులు, దృష్టిలోపం గలవారు ముందుగా ఆ మార్గానికి దూరమవుతారు. కూడళ్ల వద్ద మలుపు తిరిగే వాహనాలకు సైకిలిస్టు స్పష్టంగా కనిపించేలా రూపకల్పన జరగాలి.

ప్రయోగకాలంలో స్వయంచాలక యంత్రాలు సైకిళ్లను లెక్కించాయి. 2016 డిసెంబరులో మండలి 10–4 ఓట్లతో ఈ మార్గాలను శాశ్వతం చేసింది. వీధిని ఎవరికెంత పంచాలన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు, పౌరసమానత్వానికి చెందిన ప్రశ్న కూడా. దానికి ముందస్తు ఊహలకన్న ప్రత్యక్షానుభవమే దృఢమైన ఆధారమని ఈ ఉదాహరణ సూచిస్తున్నది.