మారిబ్ ఉప్పు, మహాసముద్రపు అడుగు

అమ్రాబాద్ పీఠభూమిలోని చెంచుల జీవనాన్ని 1940లో పరిశీలించిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్, 1943లో వెలువరించిన తన గ్రంథంలో ఒక సంగతి నమోదు చేశాడు. బయటివారి కంటికి ఎవరిదీ కానట్లు కనిపించే ఆ అడవిలో ప్రతి చెంచు సముదాయానికీ తెలిసిన హద్దులతో ఒక ప్రాంతం ఉండేది. దుంపలు తవ్వుకోవడం, తేనె తీయడం ఆ హద్దులను బట్టి సాగేవి. ఆ నేల ఏ ఒక్కరి సొత్తూ కాదు. అలాగని దారిన పోయేవాడు పట్టుకుపోవడానికీ వీలు లేదు.

ఇదే అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సమ్మతించింది. చెంచులు, ఇతర ప్రజలు వ్యతిరేకించారు. ఆ సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఉమ్మడి సంపదపై అనుమతి ఇచ్చే అధికారం ఎవరిది అన్నదే ఇక్కడ వివాదం. ఏదో ఒక జవాబు చెప్పడానికి ఇక్కడ కనీసం ప్రభుత్వాలున్నాయి, శాసనసభ ఉంది. ఏ దేశపు సరిహద్దుకూ లోబడని మహాసముద్రపు అడుగు విషయంలో ఇదే ప్రశ్న వేస్తే జవాబు చెప్పవలసింది ఎవరు?

ఈ ప్రశ్నను పరిశీలించేవారికి హదీసు గ్రంథాలలోని ఒక ఉదంతం బాగా ఉపకరిస్తుంది. అబూదావూద్, తిర్మిజీ సంకలనాలలో అది ఉంది. యమన్ దేశస్థుడైన అబ్యద్ బిన్ హమ్మాల్ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి మారిబ్‌లోని ఉప్పు గనిని తనకు ఇప్పించమని కోరాడు. ఆయన ఇచ్చారు. అతడు వెనుదిరిగి వెళ్ళిన తరువాత సభలోని ఒక వ్యక్తి, తమరు ఇచ్చింది ఎన్నటికీ ఎండని నీటి ఊట వంటిదని విన్నవించాడు. దైవప్రవక్త (స) వెంటనే ఆ కేటాయింపును వెనక్కు తీసుకున్నారు. నీరు, పచ్చిక, నిప్పు — ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని తెలిపే హదీసుతో కలిపి దీనిని చదవాలి.

ఫిఖహ్ పండితులు దీని ఆధారంగా గనులను రెండుగా విభజించారు. మావర్దీ తన అల్ అహ్‌కామ్ అస్సుల్తానియ్యాలో చెప్పిన ప్రకారం ఉప్పు వలె పైకి కనిపిస్తూ చేయి చాపితే అందేవి ‘జాహిర్’ గనులు. వాటిని ఎవరికీ రాసి ఇవ్వరాదు. శ్రమించి వెలికితీయవలసిన బంగారం, వెండి వంటివి ‘బాతిన్’ గనులు. వీటిని కేటాయించవచ్చునా అన్న విషయంలో భేదాభిప్రాయాలున్నాయి. మాలికీ పండితులలో ప్రసిద్ధమైన అభిప్రాయం ప్రకారం గనులన్నీ పాలకుని అధీనంలో, ప్రజాహితం కొరకు ఉండాలి.

సముద్రపు అడుగుకు ఈ విభజన వర్తింపజేస్తే చిక్కు వస్తుంది. హిందూ మహాసముద్రంలో సుమారు 5,000 మీటర్ల లోతున మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్టు కలిసిన ఉండలు ఆలుగడ్డల మాదిరి నేలమీదనే పరచుకొని ఉన్నాయి. తవ్వకుండా ఏరుకోవచ్చు కాబట్టి ‘జాహిర్’ అనాలి. కాని ఏరుకోగల యంత్రాలు కొద్ది దేశాలకే ఉన్నాయి. యంత్రం ఉన్నవాడిదే సంపద అన్న వాదన ఇక్కడే పుడుతుంది. ఆ వాదన బలహీనమైనది. మారిబ్‌లో అబ్యద్‌కు శ్రమించే శక్తి లేదని ఎవరూ అనలేదు. కేటాయింపు వల్ల మిగతావారి వాటా పోతుందన్నదే అభ్యంతరం.

ఐక్యరాజ్యసమితిలో మాల్టా రాయబారి అర్విద్ పార్డో 1967 నవంబరు 1న చేసిన ప్రసంగంలో ఇంచుమించు ఈ మాటే అన్నాడు. సముద్రగర్భం మానవజాతి ఉమ్మడి వారసత్వం కావాలని కోరాడు. 1982 నాటి సముద్ర చట్ట ఒడంబడిక దానిని శాసనం చేసింది: ఏ దేశమూ అక్కడ సార్వభౌమత్వం చాటరాదు, లాభాలు న్యాయంగా పంచుకోవాలి, అనుమతులు జమైకాలోని అంతర్జాతీయ సముద్రతల ప్రాధికార సంస్థ ఇవ్వాలి. 1994లో ఒడంబడిక అమలులోకి వచ్చేనాటికి సంపన్న దేశాల పట్టుదల వల్ల, సాంకేతిక విజ్ఞానాన్ని పేద దేశాలకు తప్పనిసరిగా అందించాలన్న నిబంధన రద్దయింది. 2002లో ఆ సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్న భారతదేశానికి మధ్య హిందూ మహాసముద్రంలో సుమారు 75,000 చదరపు కిలోమీటర్ల అన్వేషణ హక్కు ఉంది.

వివాదాలు తీర్చడానికి హాంబర్గులో ఒక ట్రిబ్యునల్ ఉంది. అప్పటి కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు 1996 నుండి 2017 వరకు అందులో న్యాయమూర్తిగా, 1999–2002 మధ్య అధ్యక్షుడుగా ఉన్నారు. ఆయన కూడా సభ్యుడుగా ఉన్న ధర్మాసనం 2011 ఫిబ్రవరి 1న ఇచ్చిన సలహా తీర్పు ప్రకారం, ఒక సంస్థను సముద్రతలానికి పంపే దేశం ఆ సంస్థ చర్యలపై తగిన నిఘా వహించి తీరాలి. పేద దేశమన్న కారణంతో ఆ బాధ్యత తగ్గదు.

మారిబ్ కేటాయింపును రద్దు చేయగలిగింది, ఇచ్చినవారి మాట అందరికీ శిరోధార్యం కావడం వల్లనే. సముద్రతలంలో ఆ స్థితి లేదు. ఒడంబడికలో చేరని అమెరికా, 1980 నాటి తన సొంత చట్టం కింద ఈ తవ్వకాలకు లైసెన్సులు త్వరపరచాలని 2025 ఏప్రిల్ 24న అధ్యక్షుని ఉత్తర్వు వెలువరించింది. వెలికితీతకు నియమావళి రాస్తున్న జమైకా సంస్థ, ఆ జూలై సమావేశాలలోనూ దానిని ఖరారు చేయలేకపోయింది.