కంప్యూటరు మీటలలో దాగిన సౌకర్యాలు: మూడు భాషల మధ్య మసలే తెలుగువారికి కొన్ని మెళకువలు

సెమిలిగుడలోనూ, పొరుగున ఉన్న సునాబెడా, దమన్‌జోడి పట్టణాలలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మూడు భాషల కాగితాలతో నిత్యం పని ఉంటుంది. స్వగ్రామంలోని భూమి పత్రాలు, పెద్దల చదువు ధ్రువపత్రాలు తెలుగులో ఉంటాయి. 1954 నాటి ఒడిశా అధికార భాషా చట్టం ప్రకారం ఇక్కడి పరిపాలన భాష ఒడియా. బ్యాంకులు, పోటీ పరీక్షలు, ఉద్యోగ దరఖాస్తులు ఎక్కువగా ఆంగ్లంలో నడుస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు కోరాపుట్ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండేది. కనుక ఈ భాషల కలయిక ఇక్కడ కొత్తది కాదు. అయితే ఒకప్పుడు కార్యాలయపు గుమాస్తా చేతితో వ్రాసిన వివరాలను నేడు పౌరుడే కంప్యూటరులో నమోదు చేయవలసి వస్తున్నది. ఇంటిపేరులో ఒక్క అక్షరం మారినా ధ్రువపత్రం వెనుకకు వస్తుంది.

ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటరు ఉన్న వారు కూడా ఇటువంటి పని వచ్చినప్పుడు ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లి, తమ ఆధార్‌ను, పాస్‌బుక్‌ను మరొకరి చేతికి ఇస్తున్నారు. పని కష్టమనే అభిప్రాయమే దీనికి ప్రధాన కారణం. కంప్యూటరులో ముందే ఉన్న కొన్ని చిన్న సౌకర్యాలు తెలిస్తే ఆ కష్టంలో చాలా భాగం తొలగిపోతుంది. ఈ క్రింది మెళకువలు విండోస్ 10, విండోస్ 11 కంప్యూటర్లకు వర్తిస్తాయి. వీటికి ఏ అదనపు సాఫ్ట్‌వేరూ కొనవలసిన అవసరం లేదు. ‘కంట్రోల్ + సి’ అని ఉన్నచోట మొదటి మీటను నొక్కిపట్టి రెండవ మీటను నొక్కాలని గ్రహించగలరు.

దరఖాస్తు పూరించే పద్ధతి

ఆన్‌లైన్ దరఖాస్తులో ప్రతి గడి దగ్గరకు మౌస్‌ను జరపనక్కరలేదు. ట్యాబ్ మీట తరువాతి గడికి, షిఫ్ట్ + ట్యాబ్ వెనుకటి గడికి తీసుకొని వెళ్తాయి. టిక్కు పెట్టవలసిన గడిలో స్పేస్ మీట నొక్కితే చాలు.

జాబితా నుండి జిల్లాను ఎంచుకొనవలసిన చోట చాలామంది ఒడిశాలోని 30 జిల్లాల పేర్లనూ వరుసగా వెతుకుతారు. ఆంగ్ల అక్షర క్రమంలో ఉన్న సాధారణ జాబితాలో ‘కె’ ఒక్కటే నొక్కితే కలహండి వస్తుంది. ‘కె’, ‘ఓ’ రెండూ ఆగకుండా వెంటవెంటనే నొక్కితే నేరుగా కోరాపుట్ వస్తుంది. ‘ఆర్’తో మొదలయ్యే జిల్లా రాయగడ ఒక్కటే కనుక దానికి ఒక్క అక్షరం సరిపోతుంది.

పొరపాటున పేజీ మూసుకొనిపోతే కంట్రోల్ + షిఫ్ట్ + టి నొక్కాలి. మూసిన పేజీ తిరిగి తెరుచుకుంటుంది. అయితే అందులో నింపిన వివరాలు తిరిగి వస్తాయన్న హామీ లేదు. కనుక దీర్ఘమైన వివరణలను ముందుగా వేరే ఫైలులో వ్రాసుకొని, తరువాత దరఖాస్తులో అతికించుకొనుట మేలు. పొడవైన పేజీలో ఒక మాటను వెతకడానికి కంట్రోల్ + ఎఫ్ ఉన్నది. పేర్ల జాబితాలో మీ పేరును, నోటిఫికేషన్‌లో చివరి తేదీని క్షణంలో చూపుతుంది. అక్షరాలు చిన్నవిగా కనబడితే కంట్రోల్ నొక్కిపట్టి ప్లస్ గుర్తు నొక్కాలి. కంట్రోల్ + సున్నా నొక్కితే మునుపటి పరిమాణం వస్తుంది.

పేరు, చిరునామా ఒక్కలాగే ఉండాలి

తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాస్తారు. ఇక్కడివారు వంశనామాన్ని చివర వ్రాస్తారు. దరఖాస్తులో ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అని రెండు గడులు ఉన్నప్పుడు చిక్కు మొదలవుతుంది. ఒక పత్రంలో ఇంటిపేరు పూర్తిగానూ, మరొకదానిలో పొడి అక్షరంగానూ ఉండుట మన కుటుంబాలలో సాధారణం. కనుక జ్ఞాపకంపై ఆధారపడక, ఆధార్ ప్రతిని చూస్తూ నింపాలి.

ఇందుకు తెరను రెండుగా విభజించుకొనవచ్చు. దరఖాస్తు ఉన్న కిటికీలో విండోస్ మీట + ఎడమ బాణం నొక్కితే అది ఎడమ సగంలో నిలుస్తుంది. ఆధార్ ప్రతి ఉన్న కిటికీలో విండోస్ మీట + కుడి బాణం నొక్కితే అది కుడి సగంలో నిలుస్తుంది. రెండూ పక్కపక్కనే ఉన్నప్పుడు అక్షరదోషం వెంటనే కంటబడుతుంది.

మన ఊరి పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆంగ్లంలో దీనిని ‘సెమిలిగుడ’ అనీ, ‘సిమిలిగుడ’ అనీ రెండు విధాలుగా వ్రాయుట కనిపిస్తుంది. కొత్తవలస – కిరండూల్ రైలు మార్గంలో అరకుకు ముందు సిమిలిగూడ అనే స్టేషన్ ఉన్నది. అది ఆంధ్రప్రదేశ్‌లోనిది, మన పట్టణం కాదు. కంప్యూటరు తానుగా సూచించే చిరునామాను చూడకుండా అంగీకరిస్తే రాష్ట్రమే మారిపోవచ్చు. ఊరి పేరుతో పాటు జిల్లాను, పిన్‌కోడును సరిచూచుకొన్న తరువాతనే ముందుకు సాగాలి.

వర్డ్‌లో తరచుగా అర్జీలు వ్రాసేవారు ‘ఆటోకరెక్ట్’ ఎంపికలలో తమ పూర్తి చిరునామాకు ఒక చిన్న సంకేతాన్ని నిర్ణయించుకొనవచ్చు. ఆ రెండు మూడు అక్షరాలు టైపు చేసి స్పేస్ నొక్కితే చిరునామా మొత్తం ప్రతిసారీ ఒకే వర్ణక్రమంలో వస్తుంది.

ఒకేసారి అనేక వివరాలు కాపీ చేయుట

కాపీ చేసి అతికించే పద్ధతిని 1970వ దశకంలో అమెరికాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు రూపొందించారు. అప్పటి నుండి చాలాకాలం సాధారణ కంప్యూటరు చివరగా కాపీ చేసిన ఒక్కదానినే గుర్తుంచుకొనేది. 2018 నాటి విండోస్ 10 నవీకరణతో ఆ పరిమితి తొలగింది. కంట్రోల్ + వి స్థానంలో విండోస్ మీట + వి నొక్కి, మొదటిసారి ‘టర్న్ ఆన్’ ఎంచుకొంటే, అప్పటి నుండి కాపీ చేసినవి 25 వరకు వరుసగా కనిపిస్తాయి. ఖాతా సంఖ్య, ఐఎఫ్‌ఎస్‌సి కోడు, చిరునామా అన్నీ ఒకేసారి కాపీ చేసుకొని, ఒక్కొక్కటిగా అతికించవచ్చు. కంప్యూటరును మళ్లీ ప్రారంభించినప్పుడు ఈ జాబితా చెరిగిపోతుంది. పిన్ గుర్తు నొక్కి ఉంచినవి మాత్రం నిలిచి ఉంటాయి.

ఒకచోట కాపీ చేసిన తెలుగు వాక్యం మరొకచోట వేరే రంగుతోనో, పరిమాణంతోనో వచ్చి ఇబ్బంది పెడితే, బ్రౌజరులో కంట్రోల్ + షిఫ్ట్ + వి నొక్కాలి. అలంకరణ లేని అక్షరాలు మాత్రమే వస్తాయి.

తెలుగు తెలిస్తే ఒడియా కూడా టైపు చేయవచ్చు

ఈ వ్యాసంలోని విషయాలలో మన ప్రాంతపు తెలుగువారికి అత్యంత ఉపయోగకరమైనది ఇదే. భారతీయ భాషల కోసం రూపొందించిన ‘ఇన్‌స్క్రిప్ట్’ అనే మీటల అమరిక 1991 నాటి భారతీయ ప్రమాణంలో చోటు పొందింది. మన లిపులు వేరైనా వర్ణమాల క్రమం ఒక్కటేనన్న సూత్రంపై అది నిర్మితమైనది. కీబోర్డు ఎడమ వైపు అచ్చులు, వాటి గుణింతపు గుర్తులు ఉంటాయి. కుడి వైపు హల్లులు ఉంటాయి. తెలుగులో ‘క’ ఉన్న మీటపైనే ఒడియా ‘క’ కూడా ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. తెలుగు అమరికలో ‘కోరాపుట్’ అని వ్రాయుటకు ఆంగ్ల కీబోర్డుపై వరుసగా కె, ఎ, జె, ఇ, హెచ్, జి, కొటేషన్ గుర్తు, డి మీటలు నొక్కాలి. వీటితో క, ఓత్వం, ర, దీర్ఘం, ప, కొమ్ము, ట, పొల్లు వరుసగా పడతాయి. భాషను ఒడియాకు మార్చి ఇవే మీటలను నొక్కితే ఒడియా లిపిలో కోరాపుట్ వస్తుంది. ఒడియాలో ఆ పేరును చివర పొల్లు లేకుండా వ్రాస్తారు కనుక ‘డి’ మాత్రం వదిలివేయాలి. ఒడియా పలకగలిగి, లిపిని నిదానంగా చదవగలిగిన వారు ఈ విధంగా చిన్న అర్జీలను స్వయంగా సిద్ధం చేసుకొనవచ్చు. తెలుగులోని హ్రస్వ ‘ఎ’, ‘ఒ’ల వంటి కొన్ని అక్షరాలు ఒడియాలో లేవు. ‘య’, ‘వ’ల విషయంలోనూ కొంత భేదం ఉన్నది. కనుక వ్రాసినదానిని ఒడియా చదివిన పిల్లలచేత ఒకసారి సరిచూపించుకొనుట మంచిది.

ఈ భాషలను చేర్చుకొనుటకు సెట్టింగ్స్‌లోని ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’ విభాగంలో తెలుగును, ఒడియాను ఎంచుకోవాలి. ఆ తరువాత విండోస్ మీట + స్పేస్ నొక్కిన ప్రతిసారీ భాష మారుతుంది. మీటలపై తెలుగు అక్షరాలు ముద్రించి లేవని వెనుకాడవద్దు. విండోస్ మీట + కంట్రోల్ + ఓ నొక్కితే తెరపై కీబోర్డు కనిపిస్తుంది. ఏ భాషను ఎంచుకొంటే ఆ భాష అక్షరాలు దానిపై కనబడతాయి. ఆంగ్ల అక్షరాలతో పలుకుబడిని బట్టి వ్రాయుట అలవాటైన వారికి తెలుగు, ఒడియా ఫోనెటిక్ కీబోర్డులు 2019 నుండి విండోస్‌లోనే లభిస్తున్నాయి.

డి.టి.పి. దుకాణాలలో తెలుగుకు ‘అను’, ఒడియాకు ‘ఆకృతి’ వంటి పాత ఖతులు విస్తారంగా వాడుకలో ఉండేవి. ఆ పద్ధతిలో టైపు చేసిన ఫైలును ఆ ఖతి లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. దుకాణంలో అర్జీ వ్రాయించుకొనేటప్పుడు ‘యూనికోడ్‌లో టైపు చేయండి’ అని అడగాలి. లేదా దానిని పీడీఎఫ్‌గా తీసుకోవాలి.

పత్రాలను భద్రపరచుట

దరఖాస్తు పంపిన తరువాత వచ్చే రసీదును కాగితంపై ముద్రించుకొనే వీలు లేకపోతే కంట్రోల్ + పి నొక్కి, ప్రింటరు పేరున్న చోట ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ లేదా ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ ఎంచుకోవాలి. రసీదు ఫైలుగా మిగులుతుంది. తెరపై ఒక భాగం మాత్రమే కావలసి వస్తే విండోస్ మీట + షిఫ్ట్ + ఎస్ నొక్కి, మౌస్‌తో ఆ భాగాన్ని గీసి, పెయింట్‌లో అతికించి భద్రపరచాలి.

ఫైలును ఎంచుకొని ఎఫ్2 మీట నొక్కితే పేరు మార్చవచ్చు. ఆ స్థితిలో ట్యాబ్ నొక్కితే తరువాతి ఫైలు పేరు మార్చుటకు సిద్ధమవుతుంది. పేరుకు ముందు సంవత్సరం, నెల, తేదీ అనే వరుసలో అంకెలు వేస్తే, అంటే ‘2025-06-14 నివాస ధ్రువపత్రం’ అని వ్రాస్తే, ఫైళ్లు కాలక్రమంలో తమంత తామే అమరుతాయి. కుటుంబంలో ఒక్కొక్కరికి ఒక ఫోల్డరు ఉండాలి. కొత్త ఫోల్డరుకు కంట్రోల్ + షిఫ్ట్ + ఎన్ నొక్కాలి.

డెస్క్‌టాప్‌కు ల్యాప్‌టాప్ వలె బ్యాటరీ ఉండదు. గాలివానకు విద్యుత్తు పోతే భద్రపరచని పని పోయినట్లే. వర్డ్ సాధారణంగా పది నిమిషాలకు ఒకసారి తానే తాత్కాలిక ప్రతిని దాచుకొంటుంది. ఈ వ్యవధిని ఆప్షన్స్‌లోని ‘సేవ్’ విభాగంలో రెండు నిమిషాలకు తగ్గించుకొనవచ్చు. ప్రతి పేరా ముగియగానే కంట్రోల్ + ఎస్ నొక్కే అలవాటు అన్నింటికన్నా నమ్మదగినది.

ఇతరుల కంప్యూటరుపై పని చేసేటప్పుడు

ఇంటర్నెట్ కేంద్రానికి వెళ్లవలసి వచ్చినప్పుడు క్రోమ్ లేదా ఎడ్జ్‌లో కంట్రోల్ + షిఫ్ట్ + ఎన్, ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్ + షిఫ్ట్ + పి నొక్కి ప్రైవేటు కిటికీ తెరవమని కోరండి. పని పూర్తయి దానిని మూసివేస్తే లాగిన్ వివరాలు ఆ బ్రౌజరులో నిలువవు. అయితే డౌన్‌లోడ్ అయిన ఫైళ్లు, స్కాన్ చేసిన ఆధార్ ప్రతులు అక్కడే ఉండిపోతాయి. వాటిని ఎంచుకొని షిఫ్ట్ + డిలీట్ నొక్కితే రీసైకిల్ బిన్‌లోకి పోకుండా తొలగిపోతాయి. విండోస్ మీట + వి నొక్కి, కాపీ జాబితాలో మీ వివరాలు ఉంటే ‘క్లియర్ ఆల్’ చేయించండి.

ప్రభుత్వ సేవ కోసం తెరిచిన వెబ్‌సైటు చిరునామాను కంట్రోల్ + ఎల్ నొక్కి చూడవచ్చు. మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగం ‘డాట్ గవ్ డాట్ ఇన్’ లేదా ‘డాట్ ఎన్‌ఐసి డాట్ ఇన్’ అని ముగియకపోతే వివరాలు నింపే ముందు విచారించుకోవాలి. ఇంట్లోనైనా, కార్యాలయంలోనైనా కుర్చీ నుండి లేచేటప్పుడు విండోస్ మీట + ఎల్ నొక్కితే కంప్యూటరుకు తాళం పడుతుంది. అందుకు ముందుగా పాస్‌వర్డు పెట్టుకొని ఉండాలి.

ముందుగా అలవరచుకొనదగినవి

• భాష మార్చుటకు: విండోస్ మీట + స్పేస్
• కాపీల జాబితాకు: విండోస్ మీట + వి
• తెరను సగం చేయుటకు: విండోస్ మీట + ఎడమ లేదా కుడి బాణం
• మూసిన పేజీని తెరచుటకు: కంట్రోల్ + షిఫ్ట్ + టి
• రసీదును పీడీఎఫ్‌గా ఉంచుకొనుటకు: కంట్రోల్ + పి
• కంప్యూటరుకు తాళం వేయుటకు: విండోస్ మీట + ఎల్

అన్నింటినీ ఒకేరోజు నేర్చుకొనవలసిన పనిలేదు. వారానికి రెండు చొప్పున అభ్యసిస్తే మూడు వారాలలో ఈ ఆరూ చేతికి అలవడతాయి. ఈ పట్టికను కంప్యూటరు పక్కన గోడకు అంటించి, ఇంటిలోని పెద్దలకు, గృహిణులకు కూడా నేర్పగలరు. తమ దరఖాస్తును తామే నింపుకొన్నవారికి అందులో ఏమి వ్రాసి ఉన్నదో స్పష్టంగా తెలుస్తుంది. రేపు కార్యాలయంలో ప్రశ్న ఎదురైనప్పుడు ఆ తెలివిడే వారికి అండగా నిలుస్తుంది.